పార్టీ అంటే ఏ పార్టీ?

ఈమధ్య సంక్రాంతికి కూర్మన్నపాలెం వెళ్ళినప్పుడు మా బాబాయి ఫోను నా ముందు పెట్టి, "ఒరే, ఇది చదివి చెప్పు" అన్నాడు. వాళ్ళబ్బాయికి అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. సీటొచ్చింది. ఎవరో బంధువు ఆ యూనివర్సిటీ గురించి ఇంగ్లీషులో ఏదో పంపాడు. అందులో 'పార్టీ స్కూల్' అన్న మాట దగ్గర బాబాయి ఆగిపోయాడు.

"పార్టీ స్కూలంటే ఏటి? ఏ పార్టీదట?"

బాబాయి స్టీల్ ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. కాలేజీకి ఒక పార్టీ ఉందంటే ఆయనకి తట్టేవి ఎస్ఎఫ్ఐ, ఏఐఎస్ఎఫ్, ఏబీవీపీ. అంతకు మించి తట్టదు. మా తమ్ముడు నవ్వాపుకోలేక, "అది కాదు నాన్నా, తాగి తందనాలాడే కాలేజీ అని ఒకప్పుడు పేరుండేదంట" అన్నాడు. బాబాయి ఒక నిమిషం ఆలోచించి, "తాగుడేనా? గొడవల్లేవు కదా?" అన్నాడు. మొహంలో నిశ్చింత కనిపించింది.

ఆ ప్రశ్న నాకు హైదరాబాద్ తిరిగొచ్చాక కూడా వదల్లేదు. ఒక కాలేజీకి పేరొస్తే ఆ పేరు లోపలున్న వాళ్ళని ఏం చేస్తుంది? అమెరికాలో దీనికి పెద్ద చరిత్రే ఉంది. మనకీ ఉంది. కాకపోతే మన దగ్గర 'పార్టీ' వేరు.

ముందు అమెరికా సంగతి క్లుప్తంగా. 1987 జనవరిలో ప్లేబాయ్ పత్రిక పార్టీలు ఎక్కువ జరిగే కాలేజీల జాబితా ఒకటి వేసింది. మొదటి స్థానం ఉత్తర కాలిఫోర్నియాలో చికో అనే చిన్న ఊళ్ళోని స్టేట్ యూనివర్సిటీకి. అదే ఏడు అక్కడ ఏటా జరిగే 'పయొనీర్ డేస్' ఉత్సవం అల్లర్లుగా మారింది. యూనివర్సిటీ ప్రెసిడెంటు ఆ ఉత్సవాన్నే రద్దు చేసేశాడు. ఉత్సవం పోయింది గానీ పేరు పోలేదు. 2002లో ప్లేబాయ్ మళ్ళీ జాబితా వేస్తే మొదటి స్థానం మా తమ్ముడికి సీటొచ్చిన అరిజోనా స్టేట్‌కి దక్కింది. ప్రిన్స్‌టన్ రివ్యూ వాళ్ళ జాబితా ఇంకా పేరుమోసింది. దాన్ని మానెయ్యమని సాక్షాత్తూ అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2002లో అడగాల్సి వచ్చింది.

డాక్టర్లకి ఒక జాబితా అంటే ఎందుకంత భయం? 1986లో పెర్కిన్స్, బెర్కోవిట్జ్ అనే ఇద్దరు న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక చిన్న కాలేజీలో విద్యార్థుల తాగుడు మీద చేసిన సర్వే చదివితే సమాధానం దొరుకుతుంది. వాళ్ళకి కనపడిందేమిటంటే, ఎవర్ని అడిగినా తను తాగేదానికన్నా పక్కవాళ్ళు ఎక్కువ తాగుతున్నారనే అనుకుంటున్నారు. నిజానికి చాలామంది మితంగానే ఉన్నారు. కానీ 'ఇక్కడ అందరూ ఇంతే' అన్న నమ్మకం మితంగా ఉన్నవాణ్ణి కూడా అటు నెడుతుంది. ఆ నమ్మకాన్ని జాబితా అచ్చువేసి, కాలేజీలో ఇంకా అడుగుపెట్టని కుర్రాడి చేతిలో పెడుతుంది. తాగాలనుకున్నవాడు వెతుక్కుంటూ వస్తాడు, వద్దనుకున్నవాడు వేరేచోట చేరతాడు, మధ్యలో ఉన్నవాడు నలుగురితో పాటు నారాయణ అంటాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి పేరు నిజమై కూర్చుంటుంది.

ఈ లెక్కని విశాఖకి తెచ్చి చూద్దాం.

విశాఖలో తాగుడు మీద కాలేజీకి పేరు రావడం ఒకప్పుడు కుదిరే పని కాదు. మద్రాసు రాష్ట్రం నాటి మద్యనిషేధం మనకి వారసత్వంగా వచ్చి అరవైల చివరిదాకా నడిచింది. ఆ రోజుల్లో విశాఖలో తాగడమంటే ఏమిటో, దాని చుట్టూ పోలీసులు, ప్లీడర్లు, పేదవాళ్ళు ఎలా తిరిగేవాళ్ళో తెలుసుకోవాలంటే చరిత్ర పుస్తకాలు అక్కర్లేదు, రావిశాస్త్రి సారా కథలు చాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే ఫిలాసఫీ చదువుకున్న ఆ ప్లీడరు కన్నా బాగా ఎవరూ చెప్పలేదు. మొత్తానికి వాల్తేరు క్యాంపస్‌కి వచ్చిన పేరు సీసాల వల్ల వచ్చింది కాదు. 'గొడవల యూనివర్సిటీ' అన్నది దాని పేరు. మా ఇంట్లో పెద్దవాళ్ళందరూ వాడిన మాట అదే.

నాకు భలే నచ్చే విషయం ఒకటుంది. మొదటి గొడవ విద్యార్థులది కాదు, వైస్ ఛాన్సలర్‌ది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరు చేరింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. శాసనోల్లంఘన ఉద్యమం మీద ప్రభుత్వం చేస్తున్న దమనకాండకి నిరసనగా ఆయన ఆ పదవికి రాజీనామా చేశాడు. తర్వాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. 1936లో కట్టమంచి మళ్ళీ ఆ కుర్చీలోకి వచ్చి 1949 దాకా ఉన్నాడు. కుర్చీ వదిలి నిరసన చెప్పిన మనిషే తిరిగొచ్చి పదమూడేళ్ళు యూనివర్సిటీని పెంచాడంటే, ఇక ఆ చోటుకి ఎలాంటి గుణం అబ్బుతుంది? ఇది నా ఊహ అనుకోండి. కానీ కొట్టిపారేసే ఊహ అని నాకు అనిపించదు.

పేరు స్థిరపడింది మాత్రం 1966లో. ఐదో ఉక్కు కర్మాగారానికి విశాఖే అనువైన చోటని నిపుణుల బృందం చెప్పింది. ఢిల్లీ నానుస్తూ వచ్చింది. అక్టోబర్ 15న గుంటూరు జిల్లా నుంచి వచ్చిన టి. అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకి కూర్చున్నాడు. ఆయన చుట్టూ మొదట చేరింది విద్యార్థులే, అందులో ముందువరస యూనివర్సిటీ వాళ్ళది. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అన్న నినాదం కాలేజీల నుంచి కాలేజీలకి పాకింది. నవంబర్ 1, రాష్ట్రావతరణ దినం నాడు విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా కలిపి 32 మంది ప్రాణాలు పోయాయని చెబుతారు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేసింది. 1971 జనవరి 20న వచ్చి శంకుస్థాపన చేసింది. అప్పటికి రెండు దశాబ్దాల తర్వాత, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు ప్లాంటుని జాతికి అంకితం చేశాడు. మధ్యలో 64 గ్రామాల భూములు పోయాయి. అందులో మా తాత పొలం కూడా ఉంది. మా నాన్నకి ప్లాంటులో ఉద్యోగం వచ్చింది నిర్వాసితులకిచ్చే ఆర్-కార్డు మీద. కూర్మన్నపాలెం జంక్షన్‌లో ప్లాంటు ఆర్చి, దాని ఎదుట టీ కొట్లు, ఆ జీతాల మీద నేను చదివిన చదువు, ఇవన్నీ క్లాసులు ఎగ్గొట్టిన కుర్రాళ్ళ పుణ్యం. మా బాబాయి పెన్షను కూడా.

పెర్కిన్స్ చెప్పిన సూత్రం ఇక్కడ కూడా పనిచేసిందని నా అనుమానం. 1967లోనో 68లోనో శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో వచ్చి వాల్తేరు హాస్టల్లో పెట్టె దించిన కుర్రాణ్ణి ఊహించుకోండి. సీనియర్లందరూ లాఠీలకి ఎదురెళ్ళిన వీరులే అని వాడు నమ్ముతాడు. నిజానికి అందులో సగం మంది ఆ రోజు హాస్టల్ గదిలో తలుపేసుకుని ఉండొచ్చు. వాడికి ఆ సంగతి ఎవరు చెబుతారు? వీళ్ళ ముందు నేను పిరికివాణ్ణి కాకూడదు అనుకుంటాడు. పక్కగదివాడూ అదే అనుకుంటుంటాడు. చికోలో ఈ నమ్మకం చేతికి బీరు గ్లాసునిచ్చింది, వాల్తేరులో కరపత్రాన్నిచ్చింది.

కరపత్రమంటే గుర్తొచ్చింది. 1970 ఫిబ్రవరిలో విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి జరిగింది. తెలుగు రచయితలంతా వచ్చారు. ఆ సభల్లో 'విశాఖ విద్యార్థులు' అన్న పేరుతో ఒక కరపత్రం పంచారు. శ్రీకాకుళంలో గిరిజనులు చస్తుంటే రచయితలైన మీరు ఎటువైపు అని నిలదీయడం దాని సారాంశం. దాని కింద వ్యక్తుల పేర్లు లేవు. 'విశాఖ విద్యార్థులు' అని ఉంటే చాలు. ఆ రెండు మాటలకి అప్పటికే ఒక బరువుంది, ఆ బరువు 1966 ఇచ్చింది. అదే కరపత్రం కింద ఏదో ఒక ప్రశాంతమైన కాలేజీ విద్యార్థుల పేరుంటే పెద్దలు మడిచి జేబులో పెట్టుకునేవాళ్ళేమో. ఆ ఏడు జూలై 4న హైదరాబాద్‌లో విరసం పుట్టింది. విరసం రాజకీయాలు మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. నాకైతే ఆ కాలపు కవిత్వంలో చాలా భాగం చదవలేని ఉపన్యాసంగా తోస్తుంది. కానీ యాభై ఏళ్ళ తెలుగు సాహిత్యంలో ఎవరు ఎటు నిలబడ్డారన్నదానికి ఒక మొదలు వెతికితే, విద్యార్థుల కరపత్రం దగ్గరికి రాక తప్పదు.

ఇలా రాస్తూ పోతే అంతా వెలుగే అనిపిస్తుంది. కాదు. పేరు ఊరికే రాదు, ఎవరో ఒకరు దాని ఖరీదు కట్టాలి.

1972-73 జై ఆంధ్ర ఉద్యమంలో కోస్తా కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. ఆ ఏడు డిగ్రీ చేతికొచ్చిన మా పెదనాన్నని చచ్చేదాకా 'జై ఆంధ్ర బీఏ' అని వేళాకోళం చేసేవాళ్ళు. ఆయన నవ్వేవాడు గానీ, చదివి పాసయ్యానని ఎవరూ నమ్మరన్న బాధ ఆయనకి లోపల ఉండేదని పెద్దమ్మ చెప్పేది. పేరుమోసిన కాలేజీలో ఏ గొడవకీ పోకుండా చదువుకున్నవాడి పట్టా కూడా ఆ గొడవ ఖాతాలోనే పడిపోతుంది. హైదరాబాద్‌లో ఇంకా ఘోరం. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా క్యాంపస్‌లో జార్జిరెడ్డిని పొడిచి చంపారు. భౌతికశాస్త్రంలో గోల్డ్ మెడలిస్టు, పాతికేళ్ళ వయసు. 1975 జూలైలో, ఎమర్జెన్సీ మొదలైన నెలరోజులకి, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవుల్లో పోలీసులు 'ఎన్‌కౌంటర్' అని చెప్పి చంపిన నలుగురిలో సూరపనేని జనార్దన్ వరంగల్ ఆర్ఈసీ విద్యార్థి. 1959లో మొదలైన ఆ ఆర్ఈసీకి డెబ్భైల నుంచి ఒకే పేరు: రాడికల్ కాలేజీ. ఇప్పుడక్కడ సీటొస్తే స్వీట్లు పంచుతున్నాం, ఎందుకంటే 2002లో అది ఎన్ఐటీ అయింది, పేరు ప్లేస్‌మెంట్ల మీదకి మళ్ళింది. గోడలు మాత్రం ఆ పాతవే.

విజయవాడ కథ వేరు. అక్కడ విద్యార్థి సంఘాలు ఊళ్ళోని రెండు వర్గాల బలగాలయ్యాయి. గొడవ ఉద్యమం నుంచి రౌడీయిజంలోకి జారింది అక్కడే. దాన్ని రాష్ట్రమంతటికీ చూపించింది 1989 అక్టోబర్‌లో వచ్చిన 'శివ'. బెజవాడలో ఇంజనీరింగ్ చదివిన రోజుల జ్ఞాపకాలే ఆ సినిమాకి ముడిసరుకని రామ్‌గోపాల్ వర్మ చాలాసార్లు చెప్పాడు. సైకిల్ చైన్ లాగే సీను గురించి ఎందరో రాశారు, నేను రాయను. దాని వల్ల తల్లిదండ్రుల్లో ఏం జరిగిందన్నదే నాకు ముఖ్యం. వాళ్ళ మనసులో ఉద్యమం, రౌడీయిజం, ర్యాగింగు, లవ్ మేటర్లు అన్నీ కలిసి ఒకే మాటగా ముద్దకట్టాయి. ఆ మాటే 'గొడవలు'. 1966లో తుపాకీకి ఎదురెళ్ళినవాడూ, ఎనభైల్లో హాకీ స్టిక్కు పట్టినవాడూ మా బాబాయి నోట్లో ఒకే బుట్టలో పడ్డారు. దాదాపు అదే కాలంలో రాష్ట్రంలో కాలేజీ సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. 1997లో ర్యాగింగు నిషేధ చట్టం వచ్చింది. ఆ చట్టం అవసరమే, అందులో రెండో మాట లేదు. ర్యాగింగుని క్యాంపస్ సంప్రదాయమని ముద్దుచేసే సీనియర్లని చూస్తే నాకిప్పటికీ ఒళ్ళుమండుతుంది. గొడవల పేరున్న చోట ఆడపిల్లలు ఎంత దూరంగా ఉండాల్సి వచ్చిందో ఎవరైనా రాయాలి. మా అత్త యూనివర్సిటీలో ఎమ్మే చదవాలనుకుంటే, తాత 'ఆ గొడవల్లోకా?' అన్న ఒక్క మాటతో ఆపేశాడు.

ఆ భయాన్ని డబ్బు చేసుకున్నవాళ్ళు తర్వాత వచ్చారు. తొంభైల చివర్నుంచి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. 2010 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో వాటి సంఖ్య ఏడొందల దరిదాపుల్లోకి వచ్చింది. అవి అమ్మిన సరుకు చదువని నేననుకోను. అవి 'డిసిప్లిన్' అమ్మాయి. నేను 2006లో చేరింది అలాంటిదొకదాంట్లో. పేరెందుకు లెండి. బ్రోచర్‌లో ల్యాబుల ఫోటోల కన్నా ముందు పేజీలో ప్రహరీగోడ, బస్సులు, 'నో ర్యాగింగ్, నో స్ట్రైక్స్' అన్న మాటలున్నాయి. మా నాన్న ఆ పేజీ చూసే ఫీజు కట్టాడు. బస్సులో ముందు సీట్లు అమ్మాయిలకి, వెనక సీట్లు మాకు. క్యాంటీన్‌లో ఒక అమ్మాయితో పది నిమిషాలు మాట్లాడితే ఇంటికి ఫోనొచ్చేది. ఒకసారి ల్యాబ్ ఫీజు పెంచితే మేం పదిహేను మంది కలిసి అడగడానికి వెళ్ళాం. ఒకరు లోపలికి రండి, మిగతావాళ్ళు క్లాసుకి పోండి అన్నారు. పద్నాలుగు మంది వెళ్ళిపోయారు. లోపలికెళ్ళిన వాడి తండ్రిని మర్నాడు పిలిపించారు. ఆ పద్నాలుగు మందిలో నేనున్నాను.

ఆ కాలేజీకీ ఒక పేరుంది కదా మరి. 'అక్కడ ఎవరూ నోరెత్తరు' అన్నది కూడా పేరే. అది కూడా అచ్చు చికోలో లాగే పనిచేసింది. నోరెత్తాలని ఒకరిద్దరికి ఉండే ఉంటుంది, కానీ మిగతా అందరూ భయస్తులే అని ప్రతివాడూ నమ్మాడు. నేనూ నమ్మాను. మేం సెకండియర్‌లో ఉండగా 'హ్యాపీడేస్' వచ్చింది. రాష్ట్రమంతా కాలేజీ జీవితం అంటే అదే అనుకుంది. మేం మూడుసార్లు చూశాం, మా కాలేజీలో అలా ఏమీ లేకపోవడం వల్లేనేమో. ఇప్పుడు విశాఖ చుట్టుపక్కల అమెరికా అర్థంలో 'ఎంజాయ్ కాలేజీ' అని పేరున్నవీ ఉన్నాయి. ఏవో ఇంటర్ చదివే ఏ పిల్లాణ్ణడిగినా చెబుతాడు. వాటి హాస్టళ్ళలో ఏం జరుగుతుందో తల్లిదండ్రులకి తెలియదనుకోను. తెలిసే చేరుస్తారు. గొడవల్లేవు కదా.

2021 జనవరి చివర్లో విశాఖ ఉక్కులో వాటా మొత్తం అమ్మేయాలని కేంద్రం నిర్ణయించింది. ఫిబ్రవరి 12న కూర్మన్నపాలెం జంక్షన్‌లో, మా ఇంటికి నడిచివెళ్ళే దూరంలో, కార్మికులు రిలే నిరాహారదీక్షల శిబిరం పెట్టారు. 2023 నవంబర్‌కి అది వెయ్యి రోజులు దాటింది. అప్పట్లో వర్క్ ఫ్రమ్ హోమ్ వల్ల నేను ఇంట్లోనే ఉన్నాను. సాయంత్రం కాల్స్ అయిపోయాక శిబిరం దగ్గరికి వెళ్ళేవాణ్ణి. టెంటు కింద కూర్చున్నవాళ్ళు యాభై దాటినవాళ్ళు. మైకులో ఎవరో 'విశాఖ ఉక్కు' అనగానే వాళ్ళ గొంతులు ఠక్కున 'ఆంధ్రుల హక్కు' అని అందుకునేవి. పక్కన నిలబడ్డ నాకు గొంతు పెగిలేది కాదు. సిగ్గో మొహమాటమో చెప్పలేను. ముప్ఫై ఏళ్ళు దాటినా నలుగురిలో నిలబడి ఒక నినాదానికి బదులు పలకడం నాకు అప్పటిదాకా రాలేదు. నాతో వచ్చిన ఇంజనీరింగ్ స్నేహితుడు ఫోనులో వీడియో తీసుకున్నాడు. ఇద్దరం టీ తాగి వచ్చేశాం.

రెండోవారమో మూడోవారమో, టెంటులో ఒక పెద్దాయన, 66లో స్కూల్ పిల్లాణ్ణని చెప్పుకునే మనిషి, నన్నడిగాడు: "బాబూ, యూనివర్సిటీ పిల్లలు ఎప్పుడొస్తారు?" వాళ్ళు ఒకటి రెండుసార్లు జెండాలతో వచ్చి వెళ్ళారని చెప్పాను. "వచ్చెళ్ళడం కాదు" అన్నాడాయన. ఆయన తలలో ఇప్పటికీ ఆ యూనివర్సిటీకి ఆ పేరే ఉంది. నాకు నవ్వు రాలేదు.

మా తమ్ముడు మొన్న ఆగస్టులో అరిజోనా వెళ్ళిపోయాడు. తీరా వెళ్ళాక చూస్తే అక్కడ తనున్న ఇంట్లో ఐదుగురూ తెలుగువాళ్ళేనట. శని ఆదివారాలు అసైన్‌మెంట్లు, వంట, పార్ట్‌టైమ్ పని. పార్టీ ఎక్కడ జరుగుతుందో తెలీదన్నాడు. గత నెల ఫోను చేసినప్పుడు మాత్రం గొంతులో కొంచెం హుషారు వినిపించింది. ల్యాబుల్లో పనిచేసే విద్యార్థులు జీతాల గురించి మీటింగు పెట్టుకుంటున్నారట, ఒక క్లాస్‌మేటు రమ్మన్నాడట, వెళ్ళనా వద్దా అని నన్నడిగాడు. వీసా మీద ఉన్నవాడు, నేనేం చెప్పను? బాబాయిని మాత్రం అడక్కురా అన్నాను.